ట్రమడాల్–పారాసిటమాల్ మాత్ర వేసుకుంటూ వేరే మందులు కూడా వాడొచ్చా?

మీరు అడిగింది ఇది. అమ్మగారికి 68 ఏళ్లు, నడుము డిస్క్ జారి నొప్పి కాల్లోకి లాగుతోంది. ఎముకల డాక్టరుగారు ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 మి.గ్రా. కలిసిన మాత్ర రోజుకు మూడు రాశారు. ఆవిడ ఎప్పటినుంచో డిప్రెషన్‌కి పారాక్సెటీన్, రాత్రి నిద్రకి క్లోనజెపామ్, బీపీకి నీటిమాత్ర కలిసిన టాబ్లెట్ వేసుకుంటున్నారు. ఈలోగా జలుబు చేసి జలుబు మాత్ర, దగ్గు మందు కూడా మొదలయ్యాయి. మూడో రోజుకి పగలంతా మత్తు, చేతుల్లో వణుకు, చెమటలు. నొప్పి మాత్రం తగ్గలేదు. డోసు పెంచాలా, లేక మందుకీ మందుకీ మధ్య రెండు గంటలు గ్యాప్ ఇస్తే సరిపోతుందా అని అడుగుతున్నారు.

ముందు చేయాల్సింది చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను. డోసు పెంచొద్దు. తర్వాతి నొప్పి మాత్ర వేయకముందే డాక్టరుగారికి ఫోన్ చేసి ఈ లక్షణాలన్నీ చెప్పండి, ఇవాళే. ఒళ్లు కాలిపోతున్నా, కాళ్లు బిగుసుకుని అదురుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఎంత లేపినా లేవకపోయినా ఫోన్లతో కూర్చోకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. పారాక్సెటీన్, క్లోనజెపామ్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. చాలాకాలంగా వాడుతున్న మందులు ఉన్నట్టుండి ఆపితే ఆ ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. క్లోనజెపామ్ విషయంలో అయితే అలా ఆపడంవల్లే ఫిట్స్ కూడా రావచ్చు.

నేను ఆసుపత్రి ఫార్మసీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. డాక్టర్ని కాదు, అమ్మగారిని చూడలేదు. కానీ మీరు రాసిన మందుల జాబితా చదవగానే వణుకు, తగ్గని నొప్పి, రెండింటికీ మూలం ఒకటే అయి ఉంటుందనిపించింది.

ట్రమడాల్ మనం మింగిన రూపంలోనే నొప్పి మీద పెద్దగా పనిచేయదు. లివర్‌లో సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ దాన్ని ఎం1 అనే పదార్థంగా మారుస్తుంది. ఓపియాయిడ్‌గా, అంటే మార్ఫిన్ తరహా మందుగా, నొప్పిని అణిచేది ప్రధానంగా ఈ ఎం1. ఓపియాయిడ్ రిసెప్టర్‌కి (ఈ మందులు అతుక్కుని పనిచేసే చోటికి) అది మూల ట్రమడాల్ కన్నా 200 రెట్ల వరకు గట్టిగా అతుక్కుంటుంది. మారకుండా మిగిలిన ట్రమడాల్ ఊరికే ఉండదు. డిప్రెషన్ మందుల్లాగే మెదడులో కబుర్లు మోసే సెరోటోనిన్, నారెపినెఫ్రిన్ అనే రసాయనాల మోతాదు పెంచుతుంది. అంటే స్ట్రిప్ మీద రెండు పేర్లే ఉన్నా, ఆ మాత్ర లోపల ఓపియాయిడ్, డిప్రెషన్ మందు లాంటిది, పారాసిటమాల్, ఇలా మూడు స్వభావాలు ఉన్నాయి. మూడింటికీ పడని మందులు వేరువేరు. అందుకే ‘దీనితో ఏ మందు పడదు’ అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేం.

పారాక్సెటీన్ ఆ 2డీ6 ఎంజైమ్‌ని గట్టిగా అడ్డుకునే మందుల్లో ఒకటి. దానితో ట్రమడాల్ వేసుకుంటే ఎం1 సరిగ్గా తయారు కాదు, కాబట్టి నొప్పి తగ్గదు. మారాల్సిన ట్రమడాల్ అలాగే పేరుకుపోయి సెరోటోనిన్‌ని ఇంకా పెంచుతుంది. పారాక్సెటీన్ ఇప్పటికే చేస్తున్న పని కూడా అదే. ఈ పరిస్థితిలో నొప్పి తగ్గలేదని ఇంకో మాత్ర వేస్తే ఉపశమనం పెద్దగా పెరగదు, వణుకు పెరుగుతుంది. మీరు డోసు పెంచాలా అని ముందే అడగడం మంచిదైంది. చాలామంది పెంచేశాక అడుగుతారు.

డిప్రెషన్ మందులే అయిన ఫ్లూఆక్సెటీన్, బుప్రోపియాన్ కూడా ఇదే పని చేస్తాయి. గోళ్ల ఫంగస్‌కి వాడే టెర్బినఫిన్ కూడా చేస్తుంది. గోళ్ల మందుకీ నడుము నొప్పికీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది? డులాక్సెటీన్ కొంత అడ్డుకుంటుంది. సెర్ట్రలీన్, ఎస్‌సిటలోప్రామ్ మామూలు డోసుల్లో ఎంజైమ్‌ని అంతగా కదిలించవు. కానీ సెరోటోనిన్ పెంచే గుణం వాటికీ ఉంది కాబట్టి ఆ జాగ్రత్త తప్పదు. కోడీన్ ఉన్న మాత్రలదీ ఇదే కథ. 2డీ6 కోడీన్‌ని మార్ఫిన్‌గా మారిస్తేనే అది పనిచేస్తుంది. కొందరిలో పుట్టుకతోనే ఈ ఎంజైమ్ అతివేగంగా ఉంటుంది. వాళ్లకి మామూలు డోసే మోతాదు మించిపోతుంది. చిన్నపిల్లల్లో ఊపిరి ఆగిన సంఘటనలు చూశాకే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో 12 ఏళ్లలోపు పిల్లలకి నొప్పికి కోడీన్, ట్రమడాల్ రెండూ ఇవ్వకూడదని గట్టిగా చెప్పింది. కాబట్టి ఇంట్లో మిగిలిపోయిన ఈ మాత్రని సగం విరిచి పిల్లలకి వేసే ఆలోచన ఎప్పుడూ చేయొద్దు.

ఇక చేతుల వణుకు, చెమటలు. ఇవి సెరోటోనిన్ ఎక్కువైన తొలి లక్షణాలు కావచ్చు. వీటితో పాటు విరేచనాలు, గుండె దడ, నిలకడ లేకపోవడం, కంటిపాపలు పెద్దవవడం ఉంటాయి. ముదిరితే జ్వరం, కండరాలు బిగుసుకోవడం. సాధారణంగా కొత్త మందు కలిసిన లేదా డోసు పెంచిన కొన్ని గంటల్లో మొదలై ఒక రోజు లోపే బయటపడతాయి. డాక్టర్లు దీన్ని కనిపెట్టడానికి ఒక చిన్న పరీక్ష చేస్తారు. మోకాలు కొద్దిగా వంచి, పాదాన్ని ఒక్క ఊపులో పైకి నెట్టి అలాగే పట్టుకుంటారు. సెరోటోనిన్ ఎక్కువైతే పాదం దానంతటదే టపటపా కొట్టుకుంటుంది. ఇది మీరు ఇంట్లో చేసి తేల్చుకోవడానికి కాదు. పరీక్షించేటప్పుడు అక్కడ ఏం చూస్తున్నారో తెలియడానికి చెబుతున్నాను.

మీ దగ్గు మందు సీసా తీసి లేబుల్ చూడండి. పొడిదగ్గు మందుల్లో తరచూ ఉండేది డెక్స్‌ట్రోమెథార్ఫాన్. అది కూడా సెరోటోనిన్ బాపతే, అది కూడా 2డీ6 మీదే కరగాలి, ఆ దారిని పారాక్సెటీన్ ముందే మూసేసింది. సీసాలో అది ఉంటే అమ్మగారి ఒంట్లో ఒకే దిక్కుకి లాగే మందులు మూడయ్యాయి. దగ్గు తగ్గడానికి ఇంకో దారి చూడొచ్చు, ఆ సీసా పక్కన పెట్టేయండి. మైగ్రేన్‌కి వాడే సుమాట్రిప్టాన్ లాంటివీ ఈ జాబితాలోనివే. యాంటీబయాటిక్ అయినా లినెజోలిడ్ ఇంకా ప్రమాదకరం. పార్కిన్సన్స్‌కి ఇచ్చే సెలెజిలీన్, రసాజిలీన్ వాడుతుంటే, లేదా ఆపి 14 రోజులు కాకపోతే, ట్రమడాల్ జోలికే వెళ్లకూడదు.

ఫిట్స్ గురించి ఒక మాట. ట్రమడాల్‌కి ఒంటరిగానే ఫిట్స్ తెప్పించే గుణం కొంత ఉంది. పారాక్సెటీన్ లాంటివి, పాతకాలపు డిప్రెషన్ మందు అమిట్రిప్టిలిన్ లాంటివి, బుప్రోపియాన్ కలిస్తే అది పెరుగుతుంది. పూర్వం ఫిట్స్ వచ్చినవాళ్లు, తలకి దెబ్బ తగిలినవాళ్లు ఈ విషయం డాక్టరుకి నోరు తెరిచి చెప్పాలి. ఫిట్స్‌కీ నరాల నొప్పికీ వాడే కార్బమజెపిన్ ఇంకో చిక్కు తెస్తుంది. అది ట్రమడాల్‌ని వేగంగా కరిగించేస్తుంది కాబట్టి నొప్పి మాత్ర పనిచేయదు.

మత్తు సంగతి కొంచెం నిదానంగా చదవండి. ఓపియాయిడ్ మాత్రల్లో ప్రాణం తీసేది ఇదే.

చాలా ఏళ్ల క్రితం నేను రాత్రి డ్యూటీలో ఉండగా ఒక పెద్దాయనని తీసుకొచ్చారు. కొడుకు చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. ‘నాన్న సాయంత్రం నుంచి హాయిగా నిద్రపోతున్నారండీ, గురక కూడా పెడుతున్నారు, కానీ భోజనానికి లేవట్లేదు.’ ఊపిరి లెక్కపెడితే నిమిషానికి 7. కంటిపాపలు సూదిమొనంత. కొడుకు చేతిలోని ప్లాస్టిక్ సంచి టేబుల్ మీద కుమ్మరిస్తే టపెంటడాల్ అనే ఓపియాయిడ్ కలిసిన పారాసిటమాల్ ఒక డాక్టరుది, నరాల నొప్పికిచ్చే ప్రిగబాలిన్ ఇంకొకరిది, నిద్రకీ ఆందోళనకీ ఇచ్చే ఆల్‌ప్రజోలామ్ ఎప్పటిదో పాత చీటీది. స్ట్రిప్పులు లెక్కపెట్టాం, ఒక్క మాత్ర కూడా ఎక్కువ వేసుకోలేదు. ఏ డోసుకా డోసు సరిగ్గానే ఉంది, మూడూ కలిసి ఆయన ఊపిరిని నొక్కేశాయి. ఓపియాయిడ్‌కి విరుగుడైన నలోక్సోన్ ఇచ్చాక కళ్లు తెరిచారు. ఆ గురక నిద్ర గురక కాదు, గొంతు వదులై ఊపిరి దారి సగం మూసుకుపోయిన చప్పుడు.

ఓపియాయిడ్‌తో బెంజోడయజెపీన్ (ఆల్‌ప్రజోలామ్, అమ్మగారి క్లోనజెపామ్ ఈ రకమే) కలిపితే వచ్చే ఈ ప్రమాదం గురించి ఎఫ్‌డీఏ 2016లో ఈ రెండు రకాల మందుల మీదా నల్లగడి హెచ్చరిక (లేబుల్ మీద నల్లగీతల పెట్టెలో ముద్రించే అతి తీవ్రమైన హెచ్చరిక) పెట్టించింది. గబాపెంటిన్, ప్రిగబాలిన్ గురించి 2019లో విడిగా హెచ్చరించింది. డిస్క్ నొప్పికి ఓపియాయిడ్ పక్కనే ప్రిగబాలిన్ రాయడం మామూలు కాబట్టి మీరిది గుర్తుంచుకోవాలి. రేపు ఇంకో డాక్టరు అది కలిపితే క్లోనజెపామ్ ఉందని ముందే చెప్పండి. కండరాల పట్టుకి ఇచ్చే బాక్లోఫెన్, టిజానిడిన్, నిద్రకిచ్చే జోల్పిడెమ్, మానసిక వైద్యంలో వాడే క్వెటయాపిన్ లాంటివి, మద్యం, అన్నీ ఈ మత్తు ఖాతాలోకే వస్తాయి. జలుబు మాత్రలో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ కూడా వస్తుంది. అది మత్తుతో పాటు మలబద్ధకాన్నీ, మూత్రం సరిగ్గా రాకపోవడాన్నీ పెంచుతుంది. ఓపియాయిడ్‌కి ఆ రెండు గుణాలూ ముందే ఉన్నాయి.

ఎవరికి భయం ఎక్కువ అంటే 65 దాటినవాళ్లు, గురకతో నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవాళ్లు, ఆస్తమా లేదా ఊపిరితిత్తుల పాత జబ్బున్నవాళ్లు, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు. కిడ్నీ సరిగ్గా లేకపోతే ఎం1 బయటికి పోక నిలిచిపోతుంది, డోసుల మధ్య దూరం పెంచాలి. అమ్మగారి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) ఈమధ్య చూశారా?

ఇవాళ రాత్రి ఆవిడ పక్కన ఎవరో ఒకరు పడుకోండి. నిద్రలో ఉన్నప్పుడు గడియారం చూస్తూ నిమిషం పాటు ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి. 12 నుంచి 20 దాకా మామూలే. 10కి తగ్గినా, మధ్యలో ఆగి ఆగి వస్తున్నా, పెదాలు నీలంగా ఉన్నా గట్టిగా పిలిచి లేపండి. లేవకపోతే వెంటనే అంబులెన్స్ పిలవండి. అక్కడ నలోక్సోన్ ఇచ్చినా ట్రమడాల్ చేసిన దానిలో కొంత భాగానికే అది విరుగుడు. సెరోటోనిన్ వైపు జరిగినదానికి పనికిరాదు. అందుకే ఏ మాత్రో చెప్పడానికి స్ట్రిప్ వెంట తీసుకెళ్లాలి.

పగటి మత్తుకి ఇంకో కారణం కూడా ఉండొచ్చు, దాన్ని తరచూ మర్చిపోతారు. నీటిమాత్ర, పారాక్సెటీన్, ట్రమడాల్ మూడూ రక్తంలో సోడియం తగ్గించగలవు. పెద్దవయసు ఆడవాళ్లలో ఇది మరీ తొందరగా జరుగుతుంది. సోడియం తగ్గితే మత్తు, తికమక, తూలడం. అన్నీ నొప్పి మాత్ర ఖాతాలో వేసేయకుండా ఒక్క రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది, డాక్టరుగారిని అడగండి. షుగర్ మందులు వాడేవాళ్లలో ట్రమడాల్ షుగర్‌ని ఒక్కోసారి బాగా దించేస్తుంది, అదీ మత్తులాగే కనిపిస్తుంది.

ఇక పారాసిటమాల్. ఇందులో ఉన్నది లెక్కల సమస్య. నొప్పి మాత్రలు మూడు, 325 చొప్పున 975 మి.గ్రా. జలుబు మాత్రలో 500 ఉందనుకుందాం, రోజుకు మూడైతే 1500. ఒళ్లు వెచ్చగా ఉందని 650 మాత్ర రెండు పూటలా వేస్తే 1300. కూడితే 3775. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి గరిష్ఠం 4000. బక్కగా ఉన్నవాళ్లకి, సరిగ్గా తినలేకపోతున్నవాళ్లకి, లివర్ జబ్బున్నవాళ్లకి, రోజూ మద్యం తాగేవాళ్లకి డాక్టర్లు 2000 దగ్గరే ఆపమంటారు. అమ్మగారి బరువు మీరు రాయలేదు. ఇలా మూడు రకాల మాత్రలు వేరువేరు జబ్బులకి వేసినా, లివర్‌కి చేరేది ఒకే పారాసిటమాల్. ఇలాంటి కలిపిన ప్రిస్క్రిప్షన్ మాత్రల్లో పారాసిటమాల్ 325 మించొద్దని ఎఫ్‌డీఏ 2011లో కంపెనీలని అడగడానికి కారణం కూడా ఈ లెక్క తప్పడమే.

పారాసిటమాల్‌లో కొద్ది భాగం లివర్‌లో విషపదార్థంగా మారుతుంది. గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం దాన్ని అక్కడికక్కడే అణిచేస్తుంది. తిండి లేక ఆ నిల్వ తగ్గినా, టీబీ మందు ఐసోనియజిడ్, ఫిట్స్ మందులు ఫెనిటాయిన్, కార్బమజెపిన్, రోజువారీ మద్యం లాంటివి విషం తయారీని పెంచినా లివర్ దెబ్బతింటుంది. మొదటి రోజు ఏమీ తెలియకపోవడం ఇందులో మోసం. కాస్త వికారం తప్ప బాగానే ఉన్నట్టుంటుంది, రెండు మూడు రోజులకి లివర్ పరీక్షలు ఎగబాకుతాయి. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు తొందరగా ఇస్తేనే బాగా పనిచేస్తుంది కాబట్టి, లెక్క దాటిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫరిన్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. పారాసిటమాల్ ఎప్పుడో ఒకటైతే ఫర్వాలేదు, రోజుకు 2 గ్రాముల చొప్పున వరసగా కొన్ని రోజులు వేస్తే ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూపే అంకె) పెరుగుతుంది. ట్రమడాల్ కూడా పెంచగలదు. మాత్ర మొదలుపెట్టిన వారంలోపే ఒకసారి ఐఎన్ఆర్ చూపించుకోవాలి.

ట్రమడాల్ బదులు వేరే కలయిక మాత్ర రాస్తే జాబితా మారుతుంది. ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ అనే ఓపియాయిడ్లు ఉన్నవైతే సీవైపీ3ఏ4 అనే ఇంకో ఎంజైమ్ మీద ఆధారపడతాయి. యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్, ఫంగస్ మందులు ఇట్రాకొనజోల్, వోరికొనజోల్, హెచ్ఐవీ మందు రిటోనవిర్ దాన్ని అడ్డుకుంటే ఓపియాయిడ్ మోతాదు పెరిగి మత్తు ముంచుకొస్తుంది. గొంతు నొప్పికని వారం రోజుల యాంటీబయాటిక్ వేసినా చాలు. క్లారిత్రోమైసిన్ కుటుంబంలోనిదే అయిన అజిత్రోమైసిన్‌తో ఈ గొడవ దాదాపు లేదు. టీబీ మందు రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఓపియాయిడ్‌ని శరవేగంగా ఖర్చు చేసేస్తుంది, నొప్పి తగ్గదు, డోసు పెంచుతారు. ఆ తర్వాత టీబీ కోర్సు అయిపోయి రిఫాంపిసిన్ ఆపేస్తే, పెంచిన డోసు రెండు వారాల్లో ఎక్కువైపోతుంది. మందు మొదలుపెట్టిన రోజే కాదు, ఆపిన రోజు కూడా ఇంటరాక్షన్ (ఒక మందు ఇంకో మందు పనిని మార్చడం) ఉంటుందని నేను పదేపదే చెప్పేది ఇందుకే. ఐబూప్రొఫెన్ లేదా డైక్లోఫెనాక్ కలిపినవైతే బీపీ మాత్ర, నీటిమాత్ర వాడేవాళ్లకి కిడ్నీ మీద దెబ్బ. పారాక్సెటీన్ లాంటివాటితో కడుపులో రక్తస్రావం భయం. ఆ మార్పు అమ్మగారికి నాకు నచ్చదు. టపెంటడాల్‌కి మారిస్తే 2డీ6 చిక్కు పోతుంది, క్లోనజెపామ్‌తో ఊపిరి భయం మాత్రం అలాగే ఉంటుంది. సెరోటోనిన్ జాగ్రత్త దానికీ రాసే ఉంది.

వాంతులకి ఒండాన్‌సెట్రాన్ అడిగేవాళ్లు చాలామంది. ట్రమడాల్ వికారం తెస్తుంది కాబట్టి అడగడం సహజమే. కానీ అది ట్రమడాల్ నొప్పి తగ్గించే శక్తిని కొంత లాగేసుకుంటుంది. ఓపియాయిడ్ పనికి అడ్డొచ్చే బూప్రెనార్ఫిన్, పెంటజోసిన్, నాల్ట్రెక్సోన్ వాడేవాళ్ల విషయం పూర్తిగా వేరు. వాళ్లు ఏ ఓపియాయిడ్ వేసుకునేముందైనా రాసిన డాక్టరుతో మాట్లాడాల్సిందే.

చివరిగా గ్యాప్ సంగతి. రెండు గంటల గ్యాప్ వల్ల లాభం లేదు. గ్యాప్ పనికొచ్చేది మందులు కడుపులో కలిసి ఒకదాన్నొకటి పట్టేసుకునే చోట, అంటే కొన్ని ఎసిడిటీ మందులకీ, ఐరన్ మాత్రలకీ. మీ సమస్య కడుపులో లేదు, రక్తంలో ఉంది. క్లోనజెపామ్ సగానికి తగ్గడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది. రాత్రి వేసింది మర్నాడు మధ్యాహ్నం మాత్రతో కూడా కలిసే ఉంటుంది. పారాక్సెటీన్ ఎంజైమ్‌ని పగలూ రాత్రీ అడ్డుకునే ఉంటుంది, ఒక పూట మానినా అది తేరుకోదు.

డాక్టరుగారు ఏం చేస్తారో నేను చెప్పలేను కానీ, రెండు మూడు రోజులే వాడిన ట్రమడాల్ ఆపి లెక్కప్రకారం పారాసిటమాల్ ఒక్కటే ఇచ్చి చూడటం, నడుముకి వ్యాయామ చికిత్స, అవసరమైతే 2డీ6తో పనిలేని ఇంకో మందు తక్కువ డోసులో ఇవ్వడం, ఇవన్నీ ఉన్న దారులే. పారాక్సెటీన్ రాసిన డాక్టరుతో ఆయన ఒకసారి మాట్లాడితే మరీ మంచిది. నెలల తరబడి ట్రమడాల్ వాడినవాళ్లు ఇది చదివి ఒక్కసారిగా ఆపేయొద్దు, వాళ్లకి మెల్లగా తగ్గించాలి.

ఫోన్ చేసేముందు ఇంట్లో ఉన్న మాత్రలు, సిరప్పులు, కంటి చుక్కలతో సహా అన్నీ ఒకచోట పెట్టి ఫొటో తీయండి. ఆఖరి నొప్పి మాత్ర, ఆఖరి దగ్గు మందు డోసు ఎన్నింటికి ఇచ్చారో కాగితం మీద రాసుకోండి. అవతలి నుంచి మొదట అడిగేది అదే.